స్టాండులో ఖాళీ జాగా

మధ్యాహ్నం మూడు దాకా పెనం మీద కూర్చోబెట్టినట్టు కాల్చి, నాలుగింటికి ఉన్నట్టుండి కుమ్మరించింది. మా వైపు ఎండాకాలం వానకు ఒక పద్ధతంటూ ఉండదు. బంగారుపేటలో మా ఇంటి ముందు వీధి అయిదు నిమిషాల్లో కాలువైపోయింది. ఎదురింటి కుర్రవాడు మోటారుసైకిలు మీద తడుస్తూ వచ్చాడు, ఇంట్లోకి పోకుండా తిప్పుకొని వెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు. మూడోసారి వాళ్ళమ్మ గుమ్మంలో నిలబడి తిట్టింది. వాడికి వినబడలేదు. వినబడినా ఆగే ఈడు కాదు. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్న మా చిన్నమ్మ ఆ బండి చప్పుడుకు ప్రతిసారీ తల ఎత్తి చూసింది. నాకు కుదురు పోయింది. లేచి తలుపు మూశాను, మళ్ళీ తీశాను, మళ్ళీ మూశాను.

"ఒకచోట కూకోలేవా అప్పా నువ్వు?" అంది చిన్నమ్మ. ఈ మాట ఆమె నాతో యాభై ఏళ్ళకు పైగా అంటూనే ఉంది. నేను కూర్చున్న పాపాన పోలేదు.

చిన్నమ్మ అంటే మా నాయన తమ్ముడి భార్య. నాకు ఊహ తెలిసేటప్పటికే అమ్మ లేదు. నాయన గనిలో రాతి ధూళి పీల్చి పీల్చి ఊపిరి అందక పోయాడు. నన్ను పెంచినవాళ్ళు ముగ్గురు: అవ్వ, చిన్నాయన, చిన్నమ్మ. చిన్నాయన, చిన్నమ్మలకు పిల్లలు కలగలేదు. అప్పట్లో మేము ఆండర్సన్‌పేటలో, బజారు వెనక సందులో, రేకుల కప్పున్న రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్ళం. ఈ మధ్య ఒకసారి అటు వెళ్ళాను. సందు ఉంది, ఇల్లు ఉంది, ఆ ఊరు మాత్రం లేదు. పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం రెండింటికి, రాత్రి పదింటికి కూసే సైరన్ను మేము సంగు అనేవాళ్ళం. ఆ సంగుకు లేచి, ఆ సంగుకు తిని, ఆ సంగుకు పడుకున్న ఊరు అది. సంగు ఆగిపోయాక ఊరికి టైమెంతో తెలియకుండా పోయింది.

మొదటి వాన పడితే అక్కడ లేచే వాసన ఇంకెక్కడా రాదు. బంగారం తీసేశాక మిగిలిన రాతిపిండిని కొండలంత దిబ్బలుగా పోసి ఉంచేవారు. వాటిని సైనైడ్ దిబ్బలు అనేవాళ్ళం. ఎండాకాలమంతా ఆ పిండి గాలికి లేచి అన్నంలోనూ పడేది, పరుపులోనూ పడేది. వాన పడగానే దిబ్బల మీంచి బూడిదరంగు బురద దిగివచ్చి, సున్నమూ ఇనుమూ కలిసిన ఒక వాసన సందులోకి వచ్చేది. దాంట్లోనే చిన్నమ్మ కాచే బస్సారు వాసన. ఆకుకూర, కందిపప్పు ఉడికించిన నీళ్ళతో చేసే ఆ చారు, రాగిసంగటి మధ్యలో గుంట చేసి పోసేది. షిఫ్టు నుంచి వచ్చిన చిన్నాయన మూడు ముద్దలు తిని మాట్లాడేవాడు. అంతదాకా ఆయనతో మాట్లాడడానికి లేదు.

చిన్నాయనకు లోకంలో రెండే ఇష్టాలు, ఒకటి చిన్నమ్మ, రెండోది మోటారుసైకిలు. ఏది ముందో మా అవ్వ చెప్పగలిగేది, చెప్పేది కాదు. దొరల కాలంనాటి ఫోర్‌మన్ ఒకాయన దగ్గర, ఆయన ఊరు వదిలిపోతుంటే, తీసుకున్న నల్ల బండి అది. మా సందులో అదొక్కటే. ఆదివారం గుడికి పోయేటప్పుడు చిన్నమ్మ వెనక ఒకవైపుగా కూర్చుని, ఒళ్ళో బైబిలు పెట్టుకునేది. వానగానీ ఎండగానీ ఆ బండి మీద పడితే ఆయన ఒంటి మీద పడినట్టే. పాత బనియను ఒకటి దాన్ని తుడవడానికే ఉండేది. నన్ను ముందు కూర్చోబెట్టుకుని గేర్లు ఎలా వేయాలో ఆయనే నేర్పాడు, కానీ ఒంటరిగా ఇవ్వలేదు. ఒకసారి నేను స్టాండు తీసి ఊరికే కూర్చుంటే చూసి, మెల్లగా అన్నాడు. "నన్ను అడక్కుండా బండి ముట్టినావంటే ఇంగో ఇల్లు చూసుకో." ఆయన గొంతు పెంచి అరిచే మనిషి కాదు. మెల్లగా అన్నాడంటే అన్నట్టే. ఇంకో ఇల్లు లేదన్న సంగతి నాకూ తెలుసు.

అయినా నా చేతులు ఊరుకునేవి కావు. ఆయన ఆదివారం మధ్యాహ్నం నిద్రపోతుంటే బండిని సందు చివరికి తోసుకుపోయి, ఇంజను వేయకుండా వాలులో జారనిచ్చి, మళ్ళీ చెమటలు కక్కుతూ పైకి తోసుకొచ్చేవాణ్ణి. తాళం అరిగిపోయి ఉండేది. అవ్వ జడపిన్ను పెట్టి తిప్పితే చాలు, బండి లేచేదని నాకు తెలుసు. ఆ పిన్ను కోసం అవ్వ ఇల్లంతా వెతుక్కునేది. నేనూ ఆమెతో కలిసి వెతికేవాణ్ణి.

ఇక్కడ స్టాండు సంగతి చెప్పాలి. గనిలోకి దిగే నిలువు బావిని శాఫ్టు అనేవాళ్ళం, దాని పక్కన రేకుల షెడ్డు ఒకటి ఉండేది, అదే సైకిల్ స్టాండు. షిఫ్టుకు దిగేవాళ్ళందరూ సైకిళ్ళు అక్కడ పెట్టేవారు. ఎవరి జాగా వారిది, ఏళ్ళ తరబడి మారదు. గని లోపల అప్పుడప్పుడు రాయి తన బరువుకు తానే పగిలి విరుచుకుపడేది. బ్లాస్టు అనేవాళ్ళం. ఉరుము చెవికి వినిపిస్తుంది, బ్లాస్టు అరికాళ్ళకు తెలుస్తుంది అనేది అవ్వ. అది తెలిసిన నిమిషం ఊళ్ళో ఆడవాళ్ళందరూ శాఫ్టు దగ్గరికి పరిగెత్తేవాళ్ళు. లోపల ఎవరు ఉన్నారు, ఎవరు వచ్చారు అన్న లిస్టు ఆఫీసువాళ్ళు తయారుచేసి చదివేసరికి గంటలు పట్టేది. అందుకని ఆడవాళ్ళు స్టాండు చూసేవారు. పైకి వచ్చిన మగవాడు ముందు తన సైకిలు తీసేయాలి. కాలు విరిగినవాడైనా ఇంకొకరి చేత తీయించేవాడు. సైకిలు ఉందంటే మనిషి కింద ఉన్నాడు, లేదంటే వచ్చేశాడు. తన మనిషి సైకిలు లేదని చూసుకున్న ఆడది అక్కడ ఒక్క మాట మాట్లాడకూడదు, నవ్వకూడదు. మిగిలినవాళ్ళ మొహం చూడకుండా తల వంచుకుని ఇంటికి పోవాలి. ఇంకా నిలబడి ఉన్నవాళ్ళకు అది ఇచ్చే మర్యాద. మనిషి కింద ఉండగా అతని బండి ఇంకొకరు ముట్టడమన్నది మాత్రం మా ఊళ్ళో లేదు. నడక రాని పిల్లలకు కూడా తెలుసనిపించేంత గట్టిగా అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

ఆ ఏడు నేను పరీక్షలు రాసి, ఫలితాల కోసం కూర్చున్నాను. కూర్చున్నాను అనడం అబద్ధం, తిరిగాను. గనిలో ఉద్యోగానికి చిన్నాయన నా పేరు రాయించి పెట్టాడు. పద్దెనిమిది నిండగానే కేజీ అనే ఇనప బోను ఎక్కి కిందికి దిగాలి. ఆ మాట తలుచుకుంటే గాలి ఆడేది కాదు, వద్దని చెప్పే ధైర్యమూ లేదు. పొద్దున లేచిన దగ్గర్నుంచి సందు చివరిదాకా పోవడం, రావడం. అవ్వ నన్ను చూసి, వీడి కాళ్ళ కింద నిప్పులున్నాయని నవ్వేది.

మూడు వారాలు నిప్పులు చెరిగిన ఎండ తర్వాత, ఒక పొద్దున మబ్బు పట్టింది. చిన్నాయన ఆరింటి షిఫ్టుకు బండి మీద వెళ్ళాడు. తొమ్మిదింటికి మొదటి చినుకులు పడ్డాయి. నేను శాఫ్టు వైపు ఊరికే నడుచుకుంటూ పోయాను. ఊరికే అని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను, జేబులో అవ్వ జడపిన్ను ఉంది. స్టాండు కాపలా తాత టీ తాగడానికి పోయాడు. నల్ల బండి షెడ్డు అంచున, సగం రేకు కింద, సగం వానలో ఉంది. రెండింటికి గానీ చిన్నాయన పైకి రాడు. ఒంటిగంటకల్లా తెచ్చి పెట్టేస్తే ఎవరికి తెలుస్తుంది అనుకున్నాను. బండిని మలుపు దాకా తోసుకుపోయి, అక్కడ కిక్కు కొట్టాను.

ఎక్కడికి పోవాలో నాకు తెలియదు. బంగారుపేట రైల్వే గేటు పడి ఉంది. గూడ్సు బండి పోతున్నంతసేపూ వానలో ఇంజను ఆపకుండా నిలబడ్డాను, అందరూ నన్నే చూస్తున్నారనిపించింది. ఎవరూ చూడలేదు. గేటు ఎత్తగానే, ఈ వాన ఎక్కడ దాకా ఉందో చూడాలన్న బుద్ధి పుట్టింది. ఎండాకాలం వాన ఊరంతా పడదు కదా, ఒక ఊళ్ళో కురిసి పక్క ఊరిని ఎండబెడుతుంది. దాని అంచు ఎక్కడో ఉండాలి. కోలారు దాటాక దొరికింది. తారురోడ్డు మీద అడ్డంగా గీత గీసినట్టు, ఇటు నల్లగా తడి, అటు తెల్లగా పొడి. ఆ గీత దాటి ఎండలోకి పోయాను, వెనక్కు తిరిగి వానలోకి వచ్చాను, మళ్ళీ పోయాను. ఒంటి మీద చొక్కా ఆరుతోంది, తడుస్తోంది. గొంతు చించుకుని అరిచాను. పదిహేడేళ్ళలో అంత సంతోషం నాకు ఎప్పుడూ కలగలేదు, తర్వాత కూడా చాలా తక్కువసార్లు కలిగింది. అది కూడా దాచకుండా చెప్పాలి.

అక్కడ తిరిగిపోయి ఉంటే సరిపోయేది. శ్రీనివాసపురం ఇంకెంతో లేదని బోర్డు చెప్పింది. మామిడితోపుల మధ్య రోడ్డు, పండుతున్న కాయల వాసన, లారీలకు ఎక్కిస్తున్న బుట్టలు. పదకొండు దాటాక ఆకాశం చీకటి కమ్మి, గాలి లేచి, వడగళ్ళు పడ్డాయి. బండి ఒక తోపులోకి తోసి, కావలి గుడిసె చూరు కింద నిలబడ్డాను. ఉరుముల మీద ఉరుములు. కాయలు దబదబా రాలుతున్నాయి. కావలి ముసలమ్మ నన్ను లోపలికి పిలిచి, కోసిన మామిడికాయకు ఉప్పూ కారమూ అద్ది ఇచ్చింది. ఎక్కణ్ణుంచి వచ్చావని అడిగి, కేజీఎఫ్ అంటే నమ్మలేదు. ఇంత దూరం ఏం పని మీద వచ్చావంది. పనేమీ లేదన్నాను. పని లేకుండా ఇంత దూరం వచ్చావే, ఇంట్లో ఎదురుచూసేవాళ్ళు ఎవరూ లేరా అంది. నేను కాయ నములుతూ నవ్వాను. గాలికి రాలిన కాయలు ఇంట్లోవాళ్ళకు తీసుకుపొమ్మని ఆమే ఒక గోనెసంచిలో వేసి ఇచ్చింది.

వాన వెలిసేసరికి ఒంటిగంట. తోవలో ప్లగ్గులోకి నీళ్ళు పోయి బండి రెండుసార్లు ఆగింది. ప్లగ్గు విప్పి చొక్కా అంచుతో తుడిచి, ఊది, మళ్ళీ బిగించి, తోసి, తోసి. రెండింటి సంగు కొట్టి ఉంటుందని తెలిసినప్పుడు, గుంటలు కూడా చూడకుండా బండి లాగించాను. అప్పటికి నా భయమంతా చిన్నాయన తిట్టు గురించే.

ఆండర్సన్‌పేట చేరేసరికి మూడున్నర. బజారులో సగం అంగళ్ళు మూసి ఉన్నాయి. టీ అంగడి దగ్గర గుంపు. ఎవరో అన్నారు, పదకొండింటికి బ్లాస్టు అయిందట, కింది మట్టాల్లో దారి మూసుకుపోయిందట, ఇంకా కొందరు పైకి రాలేదట. బండి మీద కాళ్ళు పైకి పెట్టుకుని, ఉరుముల మధ్య, అన్ని మైళ్ళ దూరంలో ఉన్న నాకు ఏం తెలుస్తుంది?  చిన్నాయన వచ్చాడా లేదా అన్నది మొదట వచ్చిన ఆలోచన. దాని వెనకే ఇంకొకటి వచ్చింది. స్టాండులో ఆయన జాగా పొద్దున్నించీ ఖాళీగా ఉంది.

నేను రోడ్డు చీలిన చోట బండి ఆపేశాను. ఎడమకు పోతే శాఫ్టు, కుడికి పోతే ఇల్లు. శాఫ్టుకు పోయి బండి దాని చోట్లో పెట్టేస్తే? పెడితే, మనిషి కింద ఉన్నాడని చెప్పినట్టు. వచ్చేసి ఉంటే? ఎంతసేపు అలా నిలబడ్డానో నాకు తెలియదు. చివరికి ఇంటివైపు తిప్పాను.

తర్వాత అవ్వ చెప్పింది, జరిగింది ఇదీ. పదకొండింటికి ఇంట్లో చెంబులు గలగలమన్నాయి. చిన్నమ్మ చేతిలో చేట అక్కడే పడేసి పరిగెత్తింది. వానలో వందలమంది ఆడవాళ్ళు. ఒకరు ప్రభువును పిలుస్తున్నారు, ఒకరు మారెమ్మను పిలుస్తున్నారు. చిన్నమ్మ స్టాండు చూసింది. నల్ల బండి లేదు. కాపలా తాతను అడిగితే, బండి లేకపోతే మనిషి వచ్చేసినట్టే గదమ్మా అన్నాడు. అంతకు ముందు ఒక బ్లాస్టులో చిన్నాయన పైకి రాగానే దెబ్బ తగిలినవాణ్ణి బండి మీద ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకుపోయాడు. ఇప్పుడూ అలాగే పోయి ఉంటాడనుకుంది. ఎవరి మొహమూ చూడకుండా తల వంచుకుని ఇంటికి వచ్చింది. వచ్చేసినాడత్తా, అని అవ్వతో చెప్పి, స్నానానికి నీళ్ళు కాగబెట్టింది.

బండి చప్పుడు సందు మొదట్లోనే ఆమెకు వినబడి ఉంటుంది. నేను ఇంటి ముందు ఆపేలోగా తలుపు తీసుకుని వచ్చింది. తల దువ్వుకుని, కనకాంబరాలు పెట్టుకుని ఉంది. చేతిలో పొడి తువ్వాలు.

"నీళ్ళు కాగినాయి, దా" అంది.

అప్పుడు నన్ను చూసింది. నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూసింది. ఆ నవ్వు మొహం మీదనే ఉండిపోయింది, దాన్ని తీసేయడం ఆమెకు తెలియలేదు.

"బండి నీ దగ్గర ఉండిందా?" అంది. నేను తల ఊపాను. "పొద్దున్నించీ?" మళ్ళీ ఊపాను.

ఆమె నన్ను కొట్టలేదు, ఏడవలేదు. తువ్వాలు గడప మీద పెట్టి, చెప్పుల్లేకుండా వానలోకి దిగి నడవడం మొదలుపెట్టింది. ఎక్కు చిన్నమ్మా, తొందరగా పోదాం అన్నాను. వెనక్కు చూడలేదు. ఆమెను దాటి బండి నడపడానికి నాకు చేతులు రాలేదు. ఇంజను ఆపి, మైలున్నర, ఆమె వెనకాల బండి తోసుకుంటూ నడిచాను. మామిడికాయల సంచి హ్యాండిలుకు కొట్టుకుంటూనే ఉంది, విప్పి పారేయాలని కూడా తోచలేదు.

శాఫ్టు దగ్గర గుంపు పలచబడింది. పైకి రానివాళ్ళ పేర్లు అప్పటికే చదివేశారు. పేరు చదివితే వాళ్ళ మనిషి ఎవరైనా ఉండామని పలకాలి. మా సందు ఆడమనిషి ఒకామె చిన్నమ్మ చెయ్యి పట్టుకుని, మీ ఆయన పేరు చదివితే పలికేవాళ్ళే లేరమ్మా, యాడికి పోయింటివి అని అడిగింది. చిన్నమ్మ జడలో కనకాంబరాలు తీసి, గుప్పిట్లో పెట్టుకుని నిలబడింది. కాపలా తాత నన్నూ, బండినీ చూశాడు. ఆయనకు అర్థమైంది. టీకి పోయిన తప్పు తనదీ ఉంది కాబట్టి మొహం తిప్పుకున్నాడు.

వెలుతురు ఉండగానే వచ్చారు. దారి మూసుకుపోతే, పక్క శాఫ్టు దాకా నిచ్చెనలు ఎక్కి, అటునుంచి నడుచుకుంటూ వచ్చారు. ఏడుగురు వచ్చారు, ఆరోవాడు చిన్నాయన. ఒంటినిండా బూడిద, ఎడమ చేతికి చింపిన చొక్కా చుట్టి ఉంది. చిన్నమ్మను చూసి ఆగాడు. మూడు ముద్దలు తిననిదే మాట్లాడని మనిషి, అందరి ముందూ మాట్లాడాడు.

"పైన నువ్వు నిలబడుకోనుంటావని తెలుసు. దాన్ని పట్టుకొనే నిచ్చెన్లన్నీ ఎక్కినా."

చిన్నమ్మ గుప్పిట్లో పూలను కొంగు కిందికి దాచింది. అప్పుడాయన చూపు ఆమె వెనకాల నా మీద, బండి మీద పడింది. బండి నీ చేతికి ఎట్లా వచ్చింది అన్నాడు. నేను చెప్పాలి. చెప్పడానికే ఒక అడుగు ముందుకు వేశాను, దేవుడి సాక్షిగా వేశాను. ఇంకో ఇల్లు చూసుకో అన్న మాట చెవిలో పడి ఆగిపోయాను.

"వానకు తడుస్తా ఉన్నింది. ఇంటికి తెమ్మని నేనే చెప్పినా" అంది చిన్నమ్మ.

"నేను కింద ఉండంగానా?"

"ఊఁ."

చుట్టూ ఉన్నవాళ్ళందరికీ వినబడింది.  చిన్నాయన నా దగ్గరికి వచ్చి బండి అందుకుని, ఒంటి చేత్తో ఇంటి దాకా తోసుకుపోయాడు. ఎక్కలేదు.

ఆ తర్వాత ఆయన షిఫ్టుకు నడిచే పోయేవాడు. బండి గోనెపట్టా కింద ఉండి ఉండి, చివరికి ఎవరికో పోయింది. చిన్నమ్మను ఒక్క మాట అడగలేదు, అనలేదు. ఊరు ఊరుకోలేదు. మొగుడు కింద ఉంటే బండి తడుస్తుందని ఇంటికి తెప్పించుకున్న మనిషి, పేరు చదివితే పలకని మనిషి అని, కొళాయి దగ్గర ఆమె బిందె పెట్టగానే మాటలు ఆగిపోయేవి. గుడిలో ఆమె పక్కన జాగా ఉన్నా వెనక వరసకు పోయి కూర్చునేవాళ్ళు. పేరుకు పలకలేదన్న మాట మాత్రం చిన్నాయన ముందు ఎవరూ ఎత్తలేదు. అదంతా నేను చూస్తూ పెరిగాను. అవ్వకు నిజం తెలుసు, నోరు విప్పలేదు. ఆ మామిడికాయలు ఎక్కడివని కూడా అడగకుండా ఊరగాయ పెట్టింది. ఆ ఏడంతా అది విస్తట్లో పడితే పక్కకు తోసేవాణ్ణి.

నేను గనిలోకి పోలేదు. చిన్నాయన తనే వెళ్ళి నా పేరు కొట్టేయించాడు, ఎందుకో చెప్పలేదు. బంగారుపేటలో రైళ్ళ దగ్గర చిన్న పని దొరికింది. గని మూతపడ్డాక వాళ్ళిద్దరూ నా దగ్గరికి వచ్చేశారు. మా నాయనను తీసుకుపోయిన దుమ్మే చిన్నాయననూ తీసుకుపోయింది, కాకపోతే తీరిగ్గా. చిన్నమ్మ నా కోసం ఊరందరి ముందూ మాట పడిందన్న బరువు మాత్రం నేను దించలేదు. నాకు పెళ్ళయినా, పిల్లలు పుట్టినా, పదవీ విరమణ అయినా, ఎక్కడ కూర్చున్నా అది లేపి తిప్పేది.

ఎదురింటి కుర్రవాడు వానలో తిరిగాడని చెప్పానే, అది పోయిన వారం. వాడు నాలుగోసారి పోయాక నేను కిటికీ దగ్గరికి వెళ్ళి, ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాను. ఆ దినం నేను చెప్పి ఉండాల్సింది చిన్నమ్మా, నన్ను కాపాడడానికి నువ్వు ఇన్నేళ్ళు మాట పడ్డావు అన్నాను. అనడానికి ఇన్నేళ్ళు పట్టింది.

ఆమె నన్ను వింతగా చూసింది. ఆమెకు డెబ్బై అయిదు దాటాయి, చెవులు బాగానే పనిచేస్తాయి.

"నీ కోసం గాదు లేప్పా" అంది. కిటికీ వైపు తిరిగి చెప్పింది. "నాలుగు గంటలసేపు ఆయన మీద రాళ్ళు పడతా ఉంటే, నేను తల దువ్వుకొని, పూలు పెట్టుకొని, పాట పాడుకుంటా నీళ్ళు కాగబెట్టినా. అంత నిమ్మళంగా నేను ఏ పొద్దూ లేను. పైకొచ్చి ఆయన ఏమన్నాడో విన్నావు గదా. ఆ మాట విన్నాక, నేను ఆడ లేనని, సంతోషంగా ఉన్నానని ఎట్లా చెప్పేది? బండి పిచ్చిదనుకోనీ, ఊరంతా ఏమన్నా అనుకోనీ. అది మాత్రం ఆయనకు తెలీకూడదు."

వాన రేకుల మీద పడుతూనే ఉంది. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"ఆయనకు తెలీదు గదా?"

"తెలీదు చిన్నమ్మా" అన్నాను.

ఆమె ముఖం తేటపడింది. కుర్చీలో వెనక్కు వాలి, కళ్ళు మూసుకుని, ఆయన పోయినాక ఈ మాట ఎవరినైనా అడగాలని ఉన్నిందప్పా అంది.

నేను చెప్పింది అబద్ధం. చిన్నాయనకు తెలుసు. ఆయన పోవడానికి నెల ముందు, ఆసుపత్రిలో, పొద్దున పూట ఆయనకు గంజి తాగిస్తూ నేనే చెప్పాను. చిన్నమ్మ మీద పడ్డ నింద తీసేద్దామని చెప్పాను. జడపిన్ను దగ్గర్నుంచి కాగిన నీళ్ళ దాకా, ఆమె నవ్వుతూ గుమ్మంలోకి రావడం దాకా, ఏదీ దాచలేదు. ఆయన చాలాసేపు ఊపిరి కూడగట్టుకున్నాడు. నన్ను తిడతాడనుకున్నాను.

"అంటే ఆ పొద్దు ఆమె భయపడలేదా?" అన్నాడు. "నిచ్చెన్లు ఎక్కుతా, అదొక్కటే నన్ను తినేసింది. వానలో నిలబడుకొని ఏడుస్తా ఉంటాదే అని. నవ్వుతా ఉన్నింది అంటే మంచిదే గదరా." ఇంకొంచెం గంజి తాగి, ఈ సంగతి ఆమెతో అనొద్దు, బాధపడతాది అన్నాడు.

వారమైంది. ఆయన మాట ఆమెకు ఇంకా చెప్పలేదు. చెబితే, ఆయనకు తెలుసన్న దెబ్బ ముందు తగులుతుంది, మంచిదే అన్నాడన్నది తర్వాత చేరుతుంది. ఆ రెండింటి మధ్య క్షణం ఆమె ముఖం ఎలా ఉంటుందో నాకు తెలుసు, ఆ దినం గుమ్మంలో ఒకసారి చూశాను. రోజుకు నాలుగుసార్లు ఆమె గది గుమ్మం దాకా పోతున్నాను, మంచినీళ్ళు కావాలా అని అడిగి తిరిగి వస్తున్నాను.